బాతులు మన ముందుకొచ్చి దిగాలంటే: గాలి లెక్క, బొమ్మ బాతులు, కూతలు (వరంగల్ చెరువుల మీద ఫొటోలు తీసేటోళ్లకు)

ముందుగాల్నే చెప్తున్న, తుపాకి ముచ్చట కోసం వచ్చినోళ్లు ఇక్కడ్నే ఆగుండ్రి. మన దగ్గర అడవి బాతును కొట్టుడు నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వాటి వేటను నిషేధించింది. అదే చట్టం సెక్షన్ 2(16)ల "వేట" అంటే చంపుడొక్కటే కాదు, వల వేసుడు, ఉచ్చు పెట్టుడు, తరుముడు, గింజలు చల్లి ఎర వేసుడు, గుడ్లను గూళ్లను కదిలించుడు, ఆఖరికి ఇవన్నీ చేయబోయినా వేట కిందికే వస్తది. ఇది ఫొటోలు తీసేటోళ్లు కూడా యాది పెట్టుకోవాలె, ఎందుకంటే దగ్గరికి రావాలని వడ్లు చల్లేటోళ్లు, ఎగిరే ఫొటో కోసం రాయి ఇసిరేటోళ్లు మనల్ల గూడ ఉన్నరు.

మరి బొమ్మ బాతులు, కూతల పీకలు అంటున్నవేంది అంటరా? బొమ్మ బాతులు నీళ్ల మీద తేలేసి, బాతు తీరుగ కూత ఊది నిజం బాతులను దగ్గరికి రప్పిచ్చే ఈ విద్య పుట్టింది వేటగాళ్ల దగ్గర్నే, ముఖ్యంగా అమెరికాల. నెవాడా రాష్ట్రంల లవ్‌లాక్ గుహల 1924ల తుంగతోని అల్లిన బొమ్మ బాతులు దొరికినయ్, వాటి వయసు రెండు వేల ఏండ్ల పైనే. ఆర్కన్సాల స్టట్‌గార్ట్ అనే ఊర్ల 1936 నుంచి బాతు కూతల పోటీలు పెడుతున్నరు. అన్ని తరాలు బాతు ఎట్ల ఆలోచిస్తదో చూసి చూసి నేర్చుకున్న తెలివి అది, తుపాకి పక్కకు పెట్టి కెమెరా పట్టుకున్నా గా తెలివి అట్లనే పనికొస్తది. నా అనుభవంల మాత్రం అందులో ముప్పావు వంతు గాలి లెక్క, మిగిలింది దాక్కునుడు, బొమ్మలూ కూతలూ ఆఖర్న వస్తయ్. కానీ కొత్తగ వచ్చినోళ్లు అందరూ కూత కాడ్నే మొదలు పెడుతరు.

ఎప్పుడు పోవాలె, ఏ చెరువు

మన దిక్కు ఏడాదంతా ఉండే బాతులు స్పాట్-బిల్డ్ డక్, లెసర్ విజిలింగ్ డక్, కాటన్ టీల్. చలికాలంల సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే (వలస పిట్టలు ఎగిరే దారి) మీదుగా ఉత్తరం నుంచి వచ్చేటియి పిన్‌టెయిల్, గార్గనీ, షవలర్, కామన్ టీల్, విజియన్, పోచార్డ్‌లు. నవంబర్‌ల వస్తయ్ గానీ అప్పుడు మగ బాతులు ఇంకా పాత ఈకల మీదనే ఉంటయ్, ఆడదీ మగదీ ఒక్క తీరుగనే మసక మసకగ అగుపిస్తయ్, అందుకే రంగుల ఫొటో కావాలంటే డిసెంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి దాక పోండి. వానకాలంల మన సొంత బాతులు గుడ్లు పెట్టే టైము, జూలై నుంచి సెప్టెంబర్ దాక కూతలూ బొమ్మలూ రెండూ బంద్, దీంట్ల బేరం లేదు.

చెరువు సంగతి. పాకాల, రామప్ప, లక్నవరం పేరున్నయే, అందంగనే ఉంటయ్, కానీ పెద్ద నీళ్లు, బాతులు నడిమిట్లకు పోయి కూసుంటయ్, బోట్లు తిరిగే కాడ మరీ దూరం పోతయ్. పాకాల అభయారణ్యం గాబట్టి ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుంట హైడ్ (దాక్కునే చాటు) గియిడ్ ఏమీ కట్టొద్దు, పైగా అందుల మొసళ్లుంటయ్, నీళ్లల్ల దిగి బొమ్మలు పెడ్త అనే ఆలోచనే వద్దు. వడ్డెపల్లి చెరువుకు వాకింగ్ జనం ఎక్కువ. నన్నడిగితే పేరులేని ఊరి కుంటలే బెస్ట్, ఒక దిక్కు శిఖం భూమి (నీళ్లు తగ్గితే తేలే చెరువు భూమి), దాంట్ల నాలుగు తుమ్మ చెట్లు, అంచుకు తుంగ, మోకాలు లోతు నీళ్లు, పక్కనే యాసంగి వరి మడి. ఈ వరి మడి ఎందుకంటే విజిలింగ్ డక్కులు, పిన్‌టెయిళ్లు చానా మట్టుకు రాత్రి పూట మేత మేస్తయ్, తెల్లారంగ మళ్ల చెరువుకొచ్చి పొద్దంత కునుకు తీస్తయ్. అంటే చీకట్ల మనం పోయి కూసుంటే అవే మన మీదికొస్తయ్, మనం వాటి వెంట పడే పనే లేదు.

పోయే ముందు రోజు సాయంత్రం ఊర్లకు పోయి చేపలు పట్టేటోళ్లను కలువుండ్రి. ముదిరాజ్ సంఘమో, గంగపుత్రుల సంఘమో, చెరువు మీద చేపల హక్కు వాళ్లది, వాళ్లు వల ఎక్కడ వేసిన్రో, తెప్ప ఎప్పుడు తోలుతరో తెల్వకుంట మీరు బొమ్మలు తేలేస్తే రెండు దిక్కులా లొల్లి. "పెద్దయ్యా, రేపు పొద్దుగాల పిట్టల ఫొటోలు తీసుకుంట, మీ వల కాడికి రాను" అని ఒక్క మాట చెప్తే చాలు, మస్తుసార్లు వాళ్లే చెప్తరు బాతులు ఏ మూలకు దిగుతయో. వాళ్ల కన్న బాగా ఆ చెరువు ఎవరికీ తెల్వదు.

గాలి: అసలు పని ఇదే

బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగ దిగుతది. బరువైన ఒళ్లు, రెక్క చిన్నది, వేగం ఎక్కువ, ఎదురు గాలి లేకుంటే బ్రేకు పడదు. ఒక్కటి తెలుసుకుంటే సగం పని అయినట్టే. గాలి మన వీపు మీదికెళ్లి నీళ్ల మీదికి పోతుంటే బాతులు ఎదురుంగ మన మొఖం చూసుకుంట వస్తయ్, కాళ్లు ముందుకు చాపి రెక్కలు ఒంచి. గాలి మన మొఖానికి కొడితే అన్నీ వీపు ఫొటోలే.

మన అదృష్టం ఏందంటే చలికాలం పొద్దుగాల మన దగ్గర గాలి ఎక్కువ తూర్పు నుంచో ఈశాన్యం నుంచో వస్తది, సూర్యుడూ అటే లేస్తడు. అంటే కుంటకు తూర్పు ఒడ్డున, పడమర దిక్కు మొఖం పెట్టి కూసుంటే గాలీ వీపుకే, ఎండా వీపుకే, దిగే బాతు మొఖం మీద వెలుగు పడుతది. వేటగాళ్లకు గాలి ఒక్కటి కుదిరితే చాలు, మనకు రెండూ కుదరాలె, డిసెంబర్‌ల మన కుంటల మీద రెండూ ఒకేసారి కుదురుతయ్. సాయంత్రం ఈ లెక్క తప్పుతది, ఎండ మొఖానికి కొడ్తది, అందుకే నేను సాయంత్రం బొమ్మలు పెట్టుడు దండగ అంట.

గాలి ఏ దిక్కో చూడనీకి ఫోన్ యాప్ నమ్మకండి, అది జిల్లా మొత్తానికి చెప్తది, మీ కుంట మీద కట్ట అడ్డం ఉంటది, చెట్లు అడ్డం ఉంటయ్. పౌడర్ డబ్బా ఒత్తి చూడండి, పొడి ఎటు పోతే అటు. ఇంకో సంగతి, గాలి సూటిగ వీపుకే కొట్టాలని పట్టు పట్టొద్దు. సూటిగ ఉంటే బాతు చూపు కూడా సూటిగ మీ హైడ్ మీదనే ఉంటది, జర అనుమానం వచ్చినా పైకి లేచిపోతది. కొంచెం పక్కకు జరిగి, గాలి మీ ఎడమ భుజం మీదికెళ్లో కుడి భుజం మీదికెళ్లో పోయేటట్టు కూసుంటే బాతు బొమ్మలను చూసుకుంట వస్తది, మిమ్మల్ని కాదు, ఫొటోల కూడా ఒళ్లంతా అగుపిస్తది.

అస్సలు గాలి లేని రోజు, పొగమంచు రోజు? ఏ దిక్కు నుంచైనా దిగుతయ్, లెక్క ఉండదు. అట్లాంటప్పుడు బొమ్మలు బయటికి తీయకండి, ఉత్తగ కూసోని చూడుండ్రి.

దాక్కునుడు

డిసెంబర్ ఆఖర్ల వరంగల్‌ల పొద్దు పొడిచేది దాదాపు 6:40కి. మీరు 5:30 కల్లా లోపల కూసోవాలె, తర్వాత పోతే వచ్చే మందను మీరే తరిమినట్టు. చీకట్ల పోయేటప్పుడు టార్చి కిందికి కొట్టుకుంట నడువుండ్రి, కట్ట రాళ్ల కాడ రక్తపింజర ఉంటది, గంబూట్లు లేకుంట పోవద్దు.

హైడ్‌కు వేలు పెట్టి కొనే పని లేదు, నర్సరీలకు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ నాలుగు మీటర్లు, నాలుగు కట్టెలు, ఆడ ఉన్న తుంగనే కొంచెం ముందర చెక్కుడు. కానీ శిఖంల డిసెంబర్‌ల గడ్డి పచ్చగ ఉండదు, ఎండి గోధుమ రంగుకొస్తది, అందుకే నెట్ మీద గోనె సంచి కప్పండి. నిలబడే హైడ్ వద్దు, పండుకునో కూసోనో ఉండేదే కట్టండి, కెమెరా నీళ్ల మట్టానికి దగ్గర ఉంటేనే ఫొటో బాగుంటది. అన్నిటి కన్న ఎక్కువ పట్టిచ్చేది మన మొఖం. పైన తిరిగే బాతుకు కింద తెల్లగ మెరిసే మొఖం ఎంత దూరం నుంచైనా అగుపడుతది, అందుకే మొఖానికి రుమాలు కట్టాలె, మంద పైన తిరుగుతుంటే తలెత్తి చూడొద్దు. చూడబుద్ధి అయితది, నాకు తెలుసు, కళ్లు మాత్రమే పైకెత్తుండ్రి.

బొమ్మ బాతులు తయారు చేసుడు

ప్లాస్టిక్ డికాయ్‌లు ఎవరన్న అమెరికా నుంచి తెస్తే మంచిదే, కానీ అవి ఎక్కువ మల్లార్డ్ బొమ్మలు, ఆకుపచ్చ తల మగది. మల్లార్డ్ మన చెరువుల మీద రాదనే అనుకోవాలె. మనకు స్పాట్-బిల్డ్ డక్ బొమ్మ కావాలె, అది ఆడ మల్లార్డ్ బొమ్మకు రంగు మారిస్తే అయితది, లేకుంటే చేతితోనే చేసుకోవచ్చు.

థర్మాకోల్ మాత్రం వద్దు, పూసలు పూసలుగ రాలి నీళ్లల్ల కలుస్తది, చేపలు మింగుతయ్. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క దొరికితే అంత కన్న మంచిది లేదు, తేలిక, కత్తికి మెత్తగ తెగుతది, తేలుతది. అది దొరకకపోతే ఎండిన ఆనిగెపుకాయ బుర్ర. ఒకప్పుడు ఊర్లల్ల పోరగాండ్లు నడుముకు కట్టుకొని ఈత నేర్చుకున్నరే, గదే బుర్ర. నిలువున పొడుగ్గ ఉన్నది ఏరుకొని అడ్డంగ పండబెడితే ఒళ్లు తయారు. పాత హవాయి చెప్పు అడుగుతోని తల, మెడ కోసి ఫెవికాల్ కాకుండ ఎపాక్సీతోని అతికియ్యండి, ఫెవికాల్ నీళ్లకు ఊడుతది. నిజం బాతు అరవై సెంటీమీటర్ల దాక ఉంటది, బొమ్మ కొంచెం చిన్నగున్నా నడుస్తది, పెద్దగున్నా నడుస్తది, కానీ నీళ్లల్ల ఎత్తుగ తేలితే నడవది. బుర్ర తేలిక కాబట్టి ఉత్తగ వదిలితే పైకి తేలి గాలికి అటు ఇటు పల్టీ కొడ్తది. కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్కల ఇసుక నింపి కట్టండి, ఒళ్లు మూడో వంతు నీళ్లల్ల మునగాలె.

రంగు: మెరిసే పెయింట్ వేస్తే మొత్తం ఖరాబు, ఎండకు తళుక్కుమంటది, బాతు ఒళ్లు ఎప్పుడూ అట్ల మెరవది. మ్యాట్ రంగులే వాడండి. ఒళ్లంత మట్టి గోధుమ, ఈక ఈకకు అంచు లేత రంగు, తల లేత బూడిద, కంటి మీదికెళ్లి నల్ల గీత, ముక్కు నలుపు, ముక్కు కొసకు పసుపు. తోక దగ్గర పక్కకు ఒక తెల్ల మచ్చ, ఇది మరువొద్దు, దూరం నుంచి స్పాట్-బిల్ అని గుర్తు పట్టేది దాంతోనే. ముక్కు మొదట్ల ఎర్ర చుక్కలు పెడ్తరా లేదా మీ ఇష్టం, దూరం నుంచి ఎగిరొచ్చే బాతు అంత దగ్గరి దాక చూడదు.

లంగరుకు సగం ఇటుక, దానికి ముదురు ఆకుపచ్చ నైలాన్ తాడు. తాడు నీళ్ల లోతు కన్న జర ఎక్కువుంటే చాలు, మరీ వదులుంటే బొమ్మలన్నీ చిక్కుపడుతయ్.

పెట్టుడు

ఎన్ని పెట్టాలె అంటే, అమెరికాల డజన్ల కొద్దీ పెడ్తరు, మనకు ఆరు చాలు. మన కుంట మీద నల్ల కూట్‌లు (నీటి పిట్టలు) ఎట్లాగూ తిరుగుతనే ఉంటయ్, తెల్ల కొంగ ఒకటి ఒడ్డుకు నిలవడి ఉంటది, వాటిని చూస్తేనే బాతుకు ధైర్యం. వేటగాళ్లు ఇదే పని కోసం కూట్ బొమ్మలు, కొంగ బొమ్మలు వేరే కొని పెడుతరు, మనకు ఆ ఖర్చు లేదు.

ఖాళీ జాగ బొమ్మల కన్న ముఖ్యం. బాతు బొమ్మల మీద దిగదు, బొమ్మల నడుమ ఖాళీ నీళ్లల్ల దిగుతది, బొమ్మల మీదికెళ్లి ఎగిరి పోయి దిగుడు కూడా దానికి నచ్చదు. అందుకే గుర్రపు నాడ తీరుగ పెట్టండి, మూసిన దిక్కు మీ దిక్కు, తెరిచిన దిక్కు గాలి పోయే దిక్కు అంటే పడమటికి. లోపల ఖాళీ కనీసం ఎనిమిది పది మీటర్లు. గాలి భుజం మీదికెళ్లి పోతుంటే ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి చేయండి, బాతులు పొడుగు కొమ్ము వెంబడి జారుకుంట వచ్చి ఖాళీల దిగుతయ్.

ఖాళీ జాగ నడిమి మీకు ఎంత దూరముండాలె? ఇది లెన్స్ చెప్పాలె. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 600 ఎంఎం లెన్స్ అయితే 20 మీటర్ల కాడ కూసున్న బాతు సగం ఫ్రేమ్ ఆక్రమిస్తది, రెక్కలు చాపితే ముప్పావు. 15 మీటర్లకు తెస్తే రెక్కలు కోసుకపోతయ్. క్రాప్ (చిన్న సెన్సర్) కెమెరా మీద 400 ఎంఎం కూడా దాదాపు ఇదే లెక్క. అందుకే 20 నుంచి 25 మధ్యల పెట్టి, అన్నిటి కన్న దూరమున్న బొమ్మను మీ హద్దురాయి అనుకోండి, దాని అవతల దిగినదాన్ని తీయాలని ఆత్రపడొద్దు.

బొమ్మ బొమ్మకు రెండు మీటర్లు. దగ్గర దగ్గర గుంపు కట్టిన బాతులంటే ఏదో చూసి బెదిరిన బాతులన్నట్టు, పైన తిరిగేదానికి అదే అర్థమైతది. లంగరు ముక్కు దిక్కు కడితే గాలికి బొమ్మలు వాటంతటవే ఎదురు తిరుగుతయ్, కానీ ఒకటి రెండిటికి ఒళ్లు నడుమ కట్టి కొంచెం అటు ఇటు మళ్లనియ్యండి, పరేడ్‌ల నిలవడ్డట్టు అన్నీ ఒకే కోణంల ఉండొద్దు.

గాలి సన్నగున్న రోజు బొమ్మలు కదలవు, అప్పుడు జర్క్ తాడు అక్కరకొస్తది. నీళ్లల్ల ఒక గుంజ పాతి, దానికి సైకిల్ ట్యూబ్ ముక్క, ట్యూబ్‌కు తాడు, తాడుకు రెండు బొమ్మలు, తాడు రెండో కొస హైడ్‌ల మీ చేతిల. గుంజి వదిలితే ట్యూబ్ వెనుకకు లాగుతది, బొమ్మలు ముందుకు వెనుకకు ఊగి నీళ్ల మీద అలలు లేస్తయ్. మంద దూరం ఉన్నప్పుడు గుంజాలె, నెత్తి మీదికొచ్చినంక ఆపాలె, లేకుంటే మీ చేతి కదలిక అగుపడుతది. ఖర్చు యాభై రూపాయలు కాదు, ఏ కూత కన్న కూడా ఇదే ఎక్కువ పని చేస్తది.

కూతలు: తెలుసుకోండి, తక్కువ వాడండి

ముందు చెవికి పని చెప్పండి. "క్వాక్" అని గట్టిగ అరిచేది ఆడ స్పాట్-బిల్, మగది బొంగురుగ మెల్లగ అంటది. లెసర్ విజిలింగ్ డక్ ఎగురుకుంటనే రెండు ముక్కల ఈల వేస్తది, చీకట్ల ముందు వినిపించేది అదే. మగ విజియన్ "వీ-ఊ" అని సన్న ఈల, మగ టీల్ "క్రిక్ క్రిక్", మగ గార్గనీది కటకటమనే పొడి చప్పుడు. షవలర్ చానా మట్టుకు మూగనే. ఇవి గుర్తు పట్టుడు వస్తే చీకట్లనే ఏమొస్తున్నయో తెలిసి ఫోకస్ దూరం, షట్టర్ (ఎగిరేటియికి 1/2000 సెకను) రెడీ పెట్టుకుంటరు. నా వరకు కూతల విద్యల అక్కరకొచ్చేది ఇదే.

ఊదుడు కూడా నేర్చుకుంట అంటే, డక్ కాల్ అనేది మల్లార్డ్ ఆడదాని గొంతుకు చేసింది, మన స్పాట్-బిల్ గొంతు దానికి దగ్గర కాబట్టి నడుస్తది. లోపల సన్నటి రేకు ఉంటది, రీడ్ అంటరు. సింగిల్ రీడ్‌ల చానా రకాల కూతలొస్తయ్ గానీ కంట్రోల్ కష్టం, కొత్తోళ్లు డబుల్ రీడ్ పట్టుకోండి. బుగ్గలతోని ఊదితే పీపీ చప్పుడే వస్తది, అద్దం మీద ఆవిరి పట్టిచ్చినట్టు కడుపు నుంచి వెచ్చటి గాలి రావాలె, "టుక్" అనుకుంట నాలుకతోని కోయాలె, ఆ ఆఖరి "క్" పడకుంటే అది బాతు కాదు. ఉమ్ము పట్టి రీడ్ అంటుకుంటే పది రూపాయల నోటు సందుల పెట్టి గుంజండి. పలకరింపు కూత అంటే ఐదు ముక్కలు, మొదటిది పొడుగు, గట్టిది, పోను పోను దిగాలె: క్వాఆక్, క్వాక్, క్వక్, క్వ, క్వ. ఇంట్ల ప్రాక్టీస్ చేస్తే ఇంటోళ్లు ఎల్లగొడ్తరు, కారుల చేసుకోండి.

ఎప్పుడు ఊదాలె? వేటగాళ్లది ఒక పక్కా సూత్రం ఉంది: రెక్కల కొసలు, తోక అగుపిస్తే ఊదు, ముక్కు అగుపిస్తే నోరు మూసుకో. అంటే మంద పక్కకు మళ్లి పోతున్నప్పుడు ఒక్కసారి, మన దిక్కు తిరిగినంక మళ్ల చప్పుడే లేదు. పిన్‌టెయిల్ మందను చూడుండ్రి, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు పైకెళ్లే తిరుగుతయ్, మెడలు కిందికి ఒంచి చూస్తయ్, గిప్పుడే మన ఓపిక తెగి ఊదబుద్ధి అయితది, ఊదితే పాయె. ఒక పొద్దుకు ఒకటి రెండుసార్ల కన్న ఎక్కువ వద్దు, అసలు ఊదకున్నా నష్టం లేదు. బ్లూటూత్ స్పీకర్ల కూత పెట్టేటోళ్లను మాత్రం నేను సహించ, వేట చట్టబద్ధమైన అమెరికాల్నే బాతుల వేటకు రికార్డెడ్ కూతలు నిషేధం, బతికున్న బాతులను కట్టేసి ఎర పెట్టుడు, గింజలు చల్లుడు 1935ల్నే బంద్ చేసిన్రు. వాళ్లే వద్దన్న పని మనం ఫొటో కోసం చేసుడేంది?

తీసేసుడు

తొమ్మిది దాటితే ఎండ గట్టిపడుతది, నీళ్ల మీద ఆవిరి ఊగి ఫొటో మెత్తబడుతది, సర్దుకోవచ్చు. కానీ బాతులు ఎదురుంగ కునుకు తీస్తుంటే దిగ్గున లేవొద్దు, అవి వాటంతటవి పక్కకు జరిగే దాక ఆగండి, ఒక గంట ఎక్కువైనా సరే. మేత మేసొచ్చి అలిసినదాన్ని ఎగురగొడితే దానికి దినమంత నష్టం. అదే కుంట మీద వరుసగ రోజూ బొమ్మలు పెట్టొద్దు, బాతులు నేర్చుకుంటయ్, ఆ మూలకే రావుడు మానేస్తయ్, వారానికి ఒక్కసారి మించొద్దు.

బొమ్మలు లెక్క పెట్టి తీయండి, తాళ్లు, ఇటుకలు, జర్క్ తాడు గుంజ, అన్నీ. నైలాన్ తాడు ఒక్క ముక్క నీళ్లల్ల వదిలినా అది ఏదో పిట్ట కాలికి ఉచ్చే. ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ ఆఫ్ చేసి జిల్లా పేరు ఒక్కటే రాయండి, మీకు బాతులు మంచిగ దిగిన మూల వల పట్టుకొని తిరిగేటోనికీ అక్కరకొచ్చే జాగనే. చెరువుల వలలు, చచ్చిన పిట్టలు అగుపిస్తే మీరు లొల్లి పెట్టుకోకండి, ఫొటో తీసి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు పంపుండ్రి. జనవరిల అయితే మీరు చూసినవన్నీ లెక్క రాసి పెట్టుకోండి, 1987 నుంచి ప్రతి జనవరిల ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ (నీటి పిట్టల లెక్కింపు) జరుగుతది, పేరున్న చెరువుల లెక్కలు ఎట్లాగూ వస్తయ్, ఊరి కుంటల లెక్కలు రాసేటోళ్లే తక్కువ.